తీగను తిన్న తొడుగు: వెర్నర్ సీమెన్స్ జీవితకథ

సోలాపూర్ పూర్వ భాగంలో కరెంటు పోయిన సంగతి కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. సాఖర్ పేఠ, భవానీ పేఠ, దాజీ పేఠ సందుల్లో ఆడుతున్న సాంచాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. నేసినదాన్ని బట్టి కూలి దొరికే ఇంట్లో ఆ నిశ్శబ్దం ఖరీదైనది. లోపం స్తంభం మీద ఉంటే నిచ్చెన వేసి చూస్తారు. భూమిలోని కేబుల్‌లో ఉంటే మాత్రం రోడ్డు తవ్వాల్సిందే. అలా తవ్విన గోతి చుట్టూ మన పిల్లలు మూగుతారు. తీగకు అన్ని తొడుగులు వేసి పూడ్చారు కదా, మరి ఎలా చెడిపోయిందని అడుగుతారు.

నీళ్లు చేరాయనో, గడ్డపార తగిలిందనో మనం జవాబు చెబుతాం. చాలాసార్లు అది నిజమే. కానీ ఇంకో జవాబు కూడా ఉంది. తీగను కాపాడాలని వేసిన తొడుగే ఒక్కోసారి దాన్ని లోపలి నుంచి తినేస్తుంది. ఈ సంగతిని తొలిసారి నష్టపోయి నేర్చుకున్నవాళ్లలో ఒకరు జర్మనీకి చెందిన వెర్నర్ సీమెన్స్. ఇప్పుడు ఆ పేరు మోటార్ల మీద, స్విచ్‌బోర్డుల మీద కనిపిస్తుంది. ఆ పేరు వెనుక ఉన్న మనిషి మాత్రం చదువుకు డబ్బులేని ఒక కౌలు రైతు కొడుకు.

చదువు కోసం సైన్యంలోకి

వెర్నర్ 1816 డిసెంబరు 13న హనోవర్ దగ్గరి లెంథె గ్రామంలో పుట్టాడు. పధ్నాలుగు మంది సంతానంలో నాలుగోవాడు. తండ్రి పెద్దల భూమిని కౌలుకు తీసుకుని సేద్యం చేసేవాడు. కౌలు కట్టాక మిగిలేది తక్కువ, తినే నోళ్లు ఎక్కువ. కొడుక్కి లెక్కల మీద, యంత్రాల మీద మనసుందని తెలిసినా ఇంజనీరింగ్ చదివించే స్తోమత ఆ తండ్రికి లేదు.

దానికి వెర్నర్ ఒక దారి కనుక్కున్నాడు. ప్రష్యా సైన్యంలో ఫిరంగి దళం అధికారులకు బెర్లిన్‌లో ఒక బడి ఉండేది. అక్కడ గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం గట్టిగా నేర్పేవారు. చదువుకు డబ్బు అడగరు, బదులుగా ఏళ్ల తరబడి కొలువు చేయాలి. 1834లో సైన్యంలో చేరి, 1835 నుంచి మూడేళ్లు ఆ బడిలో చదివాడు. అతనికి విశ్వవిద్యాలయం అంటే అదే.

చదువు ముగిసిన కొద్దికాలానికే ఇల్లు కూలిపోయింది. 1839లో తల్లి, 1840 మొదట్లో తండ్రి పోయారు. చిన్నవాళ్ల భారం ముఖ్యంగా వెర్నర్ మీద పడింది. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు, చేతిలో ఉన్నది చిన్న అధికారి జీతం. మన మగ్గాల ఇళ్లలో పెద్ద పిల్లలు ఇలాంటి సమయంలో బడి మానేసి పనిలో కూర్చోవడం చూస్తూనే ఉంటాం. వెర్నర్ తన సంపాదన పెంచుకునే దారులు వెతికాడు గానీ, తమ్ముళ్ల చదువు మాత్రం ఆగనివ్వలేదు.

తమ్ముడు విల్‌హెల్మ్ విషయంలో చేసిన పని మన ఉపాధ్యాయులు గమనించదగ్గది. తల్లిదండ్రులు బతికి ఉండగానే వెర్నర్ ఆ అబ్బాయిని మాగ్డెబుర్గ్‌కు తెచ్చి వృత్తివిద్య నేర్పే బడిలో చేర్చాడు. అక్కడ లెక్కల పాఠం మాన్పించి, ఆ వేళలో ఇంగ్లీషు నేర్చుకోమన్నాడు. లెక్కలు తానే తెల్లవారుజామున, డ్యూటీకి వెళ్లే ముందు చెప్పేవాడు. తాను చెప్పగలిగింది ఇంట్లో, చెప్పలేనిది బళ్లో అన్నది అతని లెక్క. ఆ ఇంగ్లీషు తర్వాత ఆ కుటుంబాన్ని నిలబెట్టింది.

చెరసాలలో బంగారు పూత

సైన్యంలో ఇద్దరు అధికారులు ద్వంద్వయుద్ధానికి దిగితే వెర్నర్ ఒకరి పక్షాన సాక్షిగా నిలిచాడు. అది నేరం. శిక్ష పడి మాగ్డెబుర్గ్ కోటలో బందీ అయ్యాడు. ఆ గదిలోకి రసాయనాలు, బ్యాటరీ తెప్పించుకున్నాడు. కరెంటు సాయంతో ఒక లోహం మీద ఇంకో లోహాన్ని పూతగా ఎక్కించే ప్రయోగాలు చేసి, ఒక చెంచాకు బంగారు పూత పట్టించాడు. కొద్ది వారాలకే క్షమాభిక్ష వచ్చింది. ప్రయోగం మధ్యలో విడుదల రావడం అప్పట్లో తనకు నచ్చలేదని పెద్దయ్యాక రాసుకున్నాడు.

1842లో ఆ పద్ధతికి పేటెంటు దొరికింది. మరుసటి ఏడు విల్‌హెల్మ్ ఇంగ్లండ్ వెళ్లి, ఆ విద్యను బర్మింగ్‌హామ్‌లోని ఎల్కింగ్‌టన్ సంస్థకు 1,500 పౌన్లకు అమ్మాడు. ఉదయం పూట నేర్చిన లెక్కలు, బళ్లో నేర్చిన ఇంగ్లీషు రెండూ ఆ బేరంలో పనికొచ్చాయి. తల్లిదండ్రులు లేని ఆ ఇంటికి అది పెద్ద సొమ్ము.

లోహాన్ని కాపాడేందుకు పైన పూత వేయడం వెర్నర్ తొలి విజయం. అతని పెద్ద దెబ్బ కూడా పై తొడుగు నుంచే వచ్చింది.

గట్టాపర్చా వచ్చింది

1840ల్లో టెలిగ్రాఫ్ కొత్త విద్య. తీగ గుండా కరెంటు పంపి సంకేతాలు చేరవేయడం అప్పటికే సాధ్యమైంది. తీగను స్తంభాల మీద కడితే గాలివానకు తెగుతుంది, దొంగలు కోసుకుపోతారు, అల్లర్లు జరిగితే తెంపేస్తారు. భూమిలో పాతిపెడితే ఎవరి చేతికీ అందదు. అయితే తడి నేలలో రాగి తీగను వట్టిగా పెడితే కరెంటు నేలలోకి జారిపోతుంది. కనుక నీరు చొరని తొడుగు కావాలి.

మలయా అడవుల్లో దొరికే ఒక చెట్టు పాలను గడ్డకట్టిస్తే వచ్చే పదార్థం గట్టాపర్చా. వేడినీళ్లలో మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, నీళ్లలో చెడదు. దాని ముక్కను విల్‌హెల్మ్ లండన్ నుంచి అన్నకు పంపాడు. తీగకు కావలసిన తొడుగు ఇదేనని వెర్నర్ గ్రహించాడు. మొదట రెండు పట్టీల మధ్య తీగను పెట్టి అతికిస్తే అతుకు దగ్గర విడిపోయేది. అందుకని వేడి గట్టాపర్చాను ఒత్తిడితో తీగ చుట్టూ అతుకు లేకుండా ఎక్కించే యంత్రాన్ని 1847లో తయారు చేయించాడు. సేమ్యా గిద్దెలోంచి పిండి దిగినట్టు, నడుమ రాగి తీగతో పాటు తొడుగు కూడా బయటికొచ్చేది.

అదే ఏడాది అక్టోబరులో మెకానిక్ యోహాన్ హాల్స్కెతో కలిసి బెర్లిన్‌లో ఒక ఇంటి పెరటి వైపు వర్క్‌షాప్ తెరిచాడు. పనివాళ్లు పది మంది. పెట్టుబడి ఒక దాయాది ఇచ్చాడు. ఇప్పుడు మనం చూస్తున్న కంపెనీకి మొదలు అది.

తొందరలో పూడ్చిన తీగ

1848లో జర్మనీ అంతా తిరుగుబాట్లతో అట్టుడికింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో జాతీయ సభ కూర్చుంది. అక్కడి కబురు బెర్లిన్ రాజుకు వెంటనే చేరాలి, తీగ ఎవరికీ కనపడకూడదు. ఆ పని వెర్నర్‌కు అప్పగించారు. ఐసెనాఖ్ ఊరి దాకా భూమిలో, అక్కడి నుంచి స్తంభాల మీద తీగ నడిచింది. 1849 మార్చి 28న ఫ్రాంక్‌ఫర్ట్ సభ ప్రష్యా రాజును చక్రవర్తిగా ఎన్నుకుంది. ఆ వార్త గంటలోపే బెర్లిన్ చేరింది. కొన్ని నెలలకు వెర్నర్ సైన్యం వదిలి పూర్తిగా కంపెనీ పనిలో దిగాడు. ఇతర ఊళ్లకూ భూగర్భ లైన్లు వేయమని ప్రభుత్వం పురమాయించింది.

రెండేళ్లు తిరగకుండానే లైన్లు ఒక్కొక్కటే మూగబోయాయి.

కారణాలు ఒకటి రెండు కావు. ఖర్చు తగ్గించాలని, పని తొందరగా ముగించాలని తీగను రైలు కట్ట పక్కన అడుగున్నర లోతులోనే పూడ్చారు. పైన ఇనుప కవచం లేదు. ఎలుకలు గట్టాపర్చాను కొరికేశాయి. పనివాళ్ల గడ్డపారలు తగిలాయి. బాగుచేయడానికి వచ్చినవాళ్లకు శిక్షణ లేదు, ఒక లోపాన్ని సరిచేస్తూ ఇంకో లోపం పెట్టిపోయేవారు.

ఇవన్నీ బయటి శత్రువులు. తొడుగు లోపలే ఇంకో శత్రువు ఉంది.

గంధకం చేసిన పని

గిరాకీ ఒక్కసారిగా పెరగడంతో మంచి గట్టాపర్చా దొరకడం కష్టమైంది. నాసిరకం సరుకును గట్టిపరచడానికి అందులో గంధకం కలిపి వేడిచేసే పద్ధతిని తీసుకున్నారు. రబ్బరును మన్నికగా చేసే వల్కనైజింగ్ పద్ధతి అదే. ఎండకు, ఒరిపిడికి తొడుగు మరింత బాగా తట్టుకుంటుందని ఆశ. పరీక్షించినప్పుడు తీగ బాగానే పనిచేసింది.

కాలం గడిచేకొద్దీ తొడుగులో మిగిలిన గంధకం లోపలి రాగిని పట్టుకుంది. రెండూ కలిసి నల్లటి కాపర్ సల్ఫైడ్ అయ్యాయి. అది రాగి మీదే ఆగకుండా, ఆనుకుని ఉన్న గట్టాపర్చాలోకీ పాకింది. కాపర్ సల్ఫైడ్ కరెంటును పోనిస్తుంది. కరెంటును ఆపాల్సిన గోడే కరెంటుకు దారైంది. పైనుంచి చూస్తే తొడుగు చెక్కుచెదరలేదు. లోపల తీగ సన్నబడుతోంది, కాపలా కూడా పోతోంది.

ఈ సంగతి మన ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. వెండి పట్టీలు జారిపోకుండా రబ్బరు బ్యాండు చుట్టి బీరువాలో దాస్తే, బ్యాండు తగిలినంత మేరా నల్లబడుతుంది. ఆ నలుపు గంధకం చేసిన పనే. బెర్లిన్ తీగలో జరిగింది సరిగ్గా ఇదే, కాకపోతే వెండికి బదులు రాగి.

నేతపనిలోనూ ఇలాంటిది ఉంది. పడుగు పోగు తెగకుండా గంజి పెడతాం. గంజి లేకపోతే పోగు సాంచా దెబ్బకు ఆగదు. అదే గంజి పట్టిన పడుగును వానాకాలంలో చెమ్మగా వదిలేస్తే, ముందు బూజు పట్టేది ఆ గంజికే. గంజిని తిన్న బూజు నూలునూ వదలదు. పోగును కాపాడినదే పోగుకు చేటు తెచ్చింది. అందుకని గంజి మానేయం, ఎంత పెట్టాలి, ఎప్పుడు ఆరబెట్టాలి అన్నది చూసుకుంటాం.

నిజం రాసినందుకు

లైన్లు చెడిపోతుంటే నింద సహజంగానే వేసినవాడి మీద పడింది. వెర్నర్ ముందు రెండు దారులున్నాయి. అధికారులతో మంచిగా ఉండి కొత్త లైన్ల పనులు దక్కించుకోవచ్చు. లేదా జరిగింది జరిగినట్టు చెప్పవచ్చు. 1851లో అతను భూగర్భ లైన్ల అనుభవాలను చిన్న పుస్తకంగా అచ్చువేయించాడు. పొదుపు కోసం లోతు తగ్గించడం, కవచం లేకుండా పూడ్చడం, మరమ్మతుల తీరు, అన్నీ అందులో రాశాడు. తన పేరు కాపాడుకోవాలన్న ఉద్దేశం కూడా అందులో లేకపోలేదు. అయినా లోపాలను దాచి కొత్త తీగలు అమ్ముకునే దారి అతను పట్టలేదు.

ఫలితం వెంటనే కనబడింది. ప్రష్యా టెలిగ్రాఫ్ శాఖ ఆ కంపెనీకి పనులు ఇవ్వడం మానేసింది. నాలుగేళ్లయినా నిండని వర్క్‌షాప్‌కు ఉన్న అతి పెద్ద ఖాతాదారు పోయాడు. ఆ కంపెనీ మీద హాల్స్కె, పనివాళ్లు, తమ్ముళ్లు ఆధారపడి ఉన్నారు. వాళ్లను గట్టెక్కించింది రష్యా. అక్కడి పెద్ద టెలిగ్రాఫ్ లైన్ల పని దొరికింది, తమ్ముడు కార్ల్ 1853లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వెళ్లి కూర్చున్నాడు. ఒక తమ్ముడు లండన్‌లో, ఒకడు రష్యాలో, అన్న బెర్లిన్‌లో ఉండి కంపెనీని నిలిపారు.

చెడిపోయిన లైన్లు వెర్నర్‌కు ఇంకో విద్య కూడా నేర్పాయి. మైళ్ల కొద్దీ పూడ్చిన తీగలో లోపం ఎక్కడుందో అంతా తవ్వకుండా తెలుసుకోవాలి. తీగ కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలిస్తే, లోపం ఎంత దూరంలో ఉందో లెక్క కట్టవచ్చు. దానికి అందరూ ఒప్పుకునే కొలత ఉండాలని 1860లో పాదరసంతో ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. ఇప్పుడు మన వీధిలో కేబుల్ లోపం వెతికేవాళ్లు బండిలో తెచ్చే పరికరాలు కొత్తవే. తవ్వే ముందు కొలవాలన్న పద్ధతి మాత్రం ఆ కాలం నుంచి వస్తున్నదే.

కళాయి, సీసం, చెక్క

తొడుగు లోపలిదాన్ని తింటుందని తెలిశాక ఏం చేశారు? రబ్బరు తొడుగు వేసే రాగి తీగలకు ముందు తగరం పూత పూయడం వాడుకలోకి వచ్చింది. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచేందుకు మన ఇళ్లలో కళాయి పెట్టించేవారు కదా, అచ్చం అలాగే. రాగికీ గంధకానికీ మధ్య తగరం అడ్డుగోడగా నిలుస్తుంది. పాత రేడియో విప్పి చూస్తే వెండిలా మెరిసే తీగలు కొన్ని కనిపిస్తాయి. అవి కళాయి వేసిన రాగి తీగలే.

ఇదే కథ వేరే రూపంలో మళ్లీ జరిగింది. టెలిఫోన్లు వచ్చాక కేబుల్ పైన సీసం తొడుగు వేయడం మొదలైంది. సీసం తొందరగా చెడదని పేరు. ఆ సీసానికి దెబ్బ తగలకుండా అమెరికాలో కొన్నిచోట్ల చెక్క గొట్టాల్లోంచి కేబుళ్లు లాగారు. కొన్నేళ్లకు సీసం మీద తెల్లటి పొడి రాలింది, తొడుగుకు చిల్లులు పడ్డాయి. 1920ల్లో అక్కడి ఇంజనీర్లు కారణం తేల్చారు. కొన్ని రకాల చెక్క నుంచి ఎసిటిక్ ఆమ్లం ఆవిరిగా వస్తుంది. వెనిగర్‌కు పులుపునిచ్చేది అదే. మూసిన గొట్టంలో ఆ ఆవిరి బయటికి పోలేక సీసాన్ని తిన్నది. ఆ ఆమ్లాన్ని విరిచేందుకు గొట్టాల్లోకి అమోనియా వాయువు పంపి చూశారు.

పోనీ సిమెంటు గొట్టం వాడదామా అంటే, కొత్త సిమెంటు నుంచి ఊరే సున్నపు నీరు కూడా సీసానికి పడదు. ఏ తొడుగూ తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. లోపల ఉన్నదానికి అది సరిపడుతుందా, మధ్యలో నీరు, ఆవిరి నిలుస్తాయా అన్నది చూడాలి. ఇప్పుడు ప్లాస్టిక్ తొడుగులు, ప్లాస్టిక్ గొట్టాలు వచ్చి ఈ బాధలు చాలా తగ్గాయి. అయినా గొట్టంలో నీళ్లు చేరి నిలిస్తే బయటికి పోనివ్వనిది ఆ గొట్టమే.

కలకత్తా దాకా

వెర్నర్ పేరు మన దేశానికి చేరింది టెలిగ్రాఫ్ తీగ మీదే. లండన్ నుంచి కలకత్తాకు నమ్మకమైన లైన్ కావాలని సీమెన్స్ సోదరులు ముగ్గురూ కలిసి 1867లో పని చేపట్టారు. బెర్లిన్, వార్సా, ఒడెస్సా, టిఫ్లిస్ మీదుగా టెహరాన్ దాకా లైన్ వేసి, అక్కడి నుంచి అప్పటికే ఉన్న లైన్లకు కలిపారు. మొత్తం దూరం దాదాపు 11,000 కిలోమీటర్లు. 1870 ఏప్రిల్ 12న లండన్ నుంచి పంపిన కబురు అరగంటలోపే కలకత్తా చేరింది. అప్పటిదాకా అలాంటి కబురుకు రోజులు పట్టేవి. ఆ లైన్ 1931 దాకా పనిచేసింది.

భూమిలో తీగ వేయాలన్న అతని మొదటి ఆలోచన కూడా వృథా కాలేదు. పాతికేళ్ల తర్వాత, 1876లో, జర్మనీ తపాలా శాఖ బెర్లిన్ నుంచి హాలే ఊరి వరకు మళ్లీ భూగర్భ కేబుల్ వేసింది. ఈసారి పైన ఇనుప తీగల కవచం ఉంది. ఆ తర్వాత పెద్ద నగరాలన్నింటినీ అలాగే కలుపుతూ పోయారు.

1866 చివర్లో వెర్నర్ డైనమో సూత్రాన్ని కనుగొన్నాడు. యంత్రాన్ని తిప్పితే చవకగా కరెంటు పుట్టించవచ్చని దానితో తేలింది. ఆ ఆలోచన అదే సమయంలో ఇంగ్లండ్‌లో ఇంకొందరికీ వచ్చింది. 1879లో బెర్లిన్ ప్రదర్శనలో కరెంటుతో నడిచే చిన్న రైలు చూపించాడు. సోలాపూర్ తొలి నూలు మిల్లు ఆవిరితో మొదలైన కాలమది. ఆవిరి యంత్రం కొనలేని చిన్న ఇంట్లో కూడా సాంచా ఆడగలగడం డైనమో తర్వాతి కథ.

1872లో తన పనివాళ్లకు పెన్షన్ నిధి ఏర్పాటు చేశాడు. ప్రభుత్వాలు అలాంటి చట్టాలు చేయకముందే ఆ పని జరిగింది. పనివాడు ఒకచోట నిలకడగా ఉంటే కంపెనీకీ లాభమేనని అతనికి తెలుసు. 1892 డిసెంబరు 6న, 76వ ఏడు నిండడానికి వారం ముందు, కన్నుమూశాడు. అదే ఏడు అచ్చయిన ఆత్మకథలో గంధకం కలిపిన తొడుగు సంగతి దాచకుండా రాశాడు.

తరగతి గదిలో

ఈ పాఠం చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. రాగి తీగ ముక్కలు రెండు తీసుకుని చింతపండుతో తోమించి, కడిగి, బాగా ఆరబెట్టండి. ఒకదానికి రబ్బరు బ్యాండు బిగించి చుట్టండి, రెండోదానికి నూలు దారం. తేదీ రాసిన కాగితంతో పాటు డబ్బాలో పెట్టి కొన్ని వారాలు ఆగండి. రేడియో బాగుచేసేవారి దగ్గర కళాయి వేసిన తీగ ముక్క దొరికితే దానికీ రబ్బరు చుట్టి మూడోదిగా పెట్టండి. విప్పి చూసేటప్పుడు ఏది ఎక్కడ నల్లబడిందో పిల్లలే రాసుకోవాలి. ముక్కలు కొత్తగా కొన్న విడి తీగవే కావాలి. గోతిలో కనబడే కేబుల్‌ను మాత్రం ఎవరూ తాకకూడదని ముందే గట్టిగా చెప్పండి.

ఈసారి వీధిలో కేబుల్ కోసం గొయ్యి తవ్వినప్పుడు మీ పిల్లలు మళ్లీ అదే ప్రశ్న అడగవచ్చు. అప్పుడు ఆ డబ్బా తీసి చూపించండి.